కార్డు మీది ఊరు

ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూడడానికి విజయశ్రీ తడివేలితో దాని మీద ఒక చుక్క చిలకరించింది. చుయ్యిమంది. వంటింటి బల్ల మీద భర్త దామోదర్ పాత పంచె ముక్క పరిచి, ఆటగాళ్ళ గుర్తింపు కార్డులు పద్దెనిమిదింటినీ మూడు వరసలుగా పేర్చింది. పోయిన ఆదివారం వానలో మ్యాచ్ ఆడిన పుణ్యాన సగం కార్డుల ప్లాస్టిక్ అంచులు నోళ్ళు తెరిచాయి. పైన బట్ట వేసి ఇస్త్రీ చేస్తే మళ్ళీ అతుక్కుంటాయి. వచ్చే ఆదివారం స్టేట్ కప్ సెమీఫైనల్. రిఫరీ ముందు అలాంటి కార్డులు పెట్టడమంటే ఆమె దృష్టిలో మాసిన చీర కట్టుకుని పేరంటానికి వెళ్ళడమే.

న్యూజెర్సీలోని కేర్నీ ఊళ్ళో రివర్‌బ్యాంక్ రోవర్స్ అనే పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆమె రిజిస్ట్రారు. రెండేళ్ళ క్రితం కొడుకు రాజ్‌ని చేర్పించడానికి వెళ్ళి, అక్కడి కాగితాల కట్ట అవస్థ చూసి ఉండబట్టలేక "ఇలా ఇవ్వండి" అని లాక్కుంది. ఆ కట్ట మళ్ళీ ఆమె చేతిలోంచి పోలేదు. పగటి ఉద్యోగం కూడా అలాంటిదే. మందుల కంపెనీలో సీసాల మీద లేబుళ్ళు తనిఖీ చేస్తుంది. తేదీలో ఒక్క అంకె తేడా కనిపిస్తే పెట్టె మొత్తం వెనక్కి పంపే మనిషి. తోటివాళ్ళకి ఆవిడంటే గౌరవమూ ఉంది, కాస్త విసుగూ ఉంది.

వెనక తలుపు దగ్గర బూట్ల చప్పుడయింది.

"న్యూస్‌పేపర్ మీద విడవండి!" అంది తల ఎత్తకుండానే.

"తెల్సు మమ్మీ, డైలీ చెప్తావ్," అన్నాడు రాజ్. పదహారేళ్ళవాడు, జట్టుకి గోల్‌కీపరు. వాడి వెనకాల తల వంచుకుని లోపలికి వచ్చినవాడు కోర్మాక్ డెవ్లిన్. పదిహేడేళ్ళు, ఎర్రజుట్టు, మోకాళ్ళ దాకా బురద. ఎనిమిదేళ్ళప్పుడు ఐర్లండ్ నుంచి తల్లిదండ్రులతో వచ్చాడు. "హలో ఆంటీ" అన్నాడు. ఆంటీ అన్న పిలుపు రాజ్ దగ్గర అంటించుకున్నదే. మాగాయ రుచి కూడా రాజ్ అంటించిందే. ఇద్దరికీ పెరుగన్నం కలిపి పెడితే ముందు కంచం ఖాళీ చేసేది ఎప్పుడూ కోర్మాకే.

తిన్నాక వాడు జాకెట్ లోపలి నుంచి ఒక కవరు తీసి, బల్ల మీద తడి లేని చోటు చూసి పెట్టాడు.

"బెల్‌ఫాస్ట్ వాళ్ళ ఫారం ఆంటీ. శుక్రవారం పోస్ట్ చెయ్యాలి. టైప్ చేసి పెడతారా? నా రైటింగ్ సంగతి మీకు తెలుసుగా."

ఐర్లండ్ ఒకటే దీవి గానీ అందులో దేశాలు రెండు, జట్లు రెండు. ఉత్తరాన ముక్కకి బెల్‌ఫాస్ట్ జట్టు, మిగతా భాగానికి డబ్లిన్ జట్టు. ఈ సంగతి తలకెక్కడానికే విజయశ్రీకి ఏడాది పట్టింది. జెర్సీ రంగు చూసి పోల్చుకుందామంటే రెండూ ఆకుపచ్చే. కోర్మాక్ లాంటి పిల్లలకి రెండు వైపులా చుట్టరికం ఉంటుంది కాబట్టి ఎవరు పిలిస్తే వాళ్ళకి ఆడొచ్చు. అయితే ఒక వైపు జెర్సీ తొడుక్కుని పోటీ మ్యాచ్‌లోకి దిగితే రెండో వైపు తలుపు మూసుకున్నట్టే. కోచ్ హాన్లన్ ఈ మాట పిల్లలకి వందసార్లు చెప్పాడు. బెల్‌ఫాస్ట్ వాళ్ళు జనవరిలో జరిగే కుర్రవాళ్ళ టోర్నమెంటుకి కోర్మాక్‌ని రమ్మన్నారు. క్లబ్బు క్లబ్బంతా పండగ చేసుకుంది, ఒక్క కోర్మాక్ తప్ప.

"వీడికి డబ్లిన్ కావాలి మమ్మీ," అన్నాడు రాజ్. "రూమ్‌లో వాల్ అంతా వాళ్ళ పోస్టర్సే."

"అదయిపోయింది," అన్నాడు కోర్మాక్ కంచం వైపు చూస్తూ. "జూన్‌లో డబ్లిన్ టీమ్‌కి ఆటగాళ్ళని వెతికే మనిషి వచ్చాడు కదా. మ్యాచ్ అంతా కూర్చుని చూశాడు. రెండు గోల్స్ కొట్టాను. కోచ్ దగ్గర టీమ్ లిస్ట్ తీసుకుని వెళ్ళాడు. మన టీమ్ కెవిన్‌కి ఉత్తరం రాశాడు. ఆ రోజు కెవిన్ బంతి ఎన్నిసార్లు ముట్టుకున్నాడో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నాకు మాత్రం రాయలేదు. అంటే నేను సరిపోలేదన్నమాట."

ఆ మాట వాడు ఏడుపు గొంతుతో అన్నా బాగుండేది. లెక్కల్లో జవాబు చెప్పినట్టు చెప్పాడు.

విజయశ్రీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి టైపురైటర్లో ఫారం ఎక్కించింది. పేరు, పుట్టిన తేదీ కొట్టి, జతపరచమన్న బర్త్ సర్టిఫికెట్ విప్పింది. రెండు కాగితాలు ఎదురుగా ఉంటే పోల్చకుండా ఉండలేదు కదా, కోర్మాక్ ఆటకార్డు కూడా దగ్గరికి లాక్కుంది. సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు బంక్రానా, డొనెగల్ కౌంటీ. కార్డులో డెర్రీ, నార్తర్న్ ఐర్లండ్.

కార్డు మీద అక్షరాలు తన టైపురైటరువే. 'ఆర్' కొంచెం కిందికి దిగి ఉంటుంది.

"ఈ బంక్రానా ఎక్కడ?"

"మా అమ్మమ్మ ఊరు. డెర్రీ నుంచి అరగంట. బోర్డర్ అవతల, డబ్లిన్ వైపు."

"నువ్వు అక్కడ పుట్టావా?"

"ఊరికే పుట్టడానికి వెళ్ళానంతే!" అని నవ్వాడు వాడు. "డెలివరీకి అమ్మ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. నెల తరవాత డెర్రీ వచ్చేశాం."

విజయశ్రీ చేతులు మీటల మీద ఆగిపోయాయి. కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. ఎక్కడైనా జరిగేదే. ఆమె ఎరిగిన వాళ్ళలో సగం మంది అమ్మమ్మ ఊళ్ళోనే పుట్టారు. అయినా మీదే ఊరు అంటే తండ్రి ఊరే చెబుతారు, ఫారంలో పుట్టిన చోటు అని అడిగినా ఆ ఊరే రాస్తారు. రెండేళ్ళ క్రితం చర్చి హాల్లో మడత బల్ల ముందు కూర్చుని ఆమె ఈ అబ్బాయి తండ్రి హ్యూ డెవ్లిన్‌ని అడిగిన ప్రశ్న కూడా అదే. "వాట్ ఈజ్ యువర్ నేటివ్ ప్లేస్?" ఆయన ఛాతీ విరుచుకుని "డెర్రీ" అన్నాడు. ఈవిడ టకటకా కొట్టేసింది. ఆ కార్డులు చూసే టీమ్ లిస్టు తయారుచేసింది. ఆ లిస్టే డబ్లిన్ మనిషి పట్టుకెళ్ళాడు. పేరు పక్కన నార్తర్న్ ఐర్లండ్ అని ఉన్న కుర్రాణ్ణి ఆయన ఎందుకు పిలుస్తాడు?

"మమ్మీ! స్మోక్!"

పంచె ముక్క ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లగా కాలిపోయింది. విజయశ్రీ దాన్ని సింకులో పడేసి నీళ్ళు తిప్పింది. తిరిగి వచ్చి ఫారం పూర్తిచేసింది. పుట్టిన చోటు అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేసి కవరులో పెట్టి ఇచ్చింది.

*

బుధవారం ఫ్యాక్టరీలో ఒకే పెట్టెని మూడుసార్లు తనిఖీ చేసింది. మూడుసార్లూ లేబుళ్ళు సరిగ్గానే ఉన్నాయి. నాలుగోసారి తెరవబోతుంటే పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ "ఆర్ యూ ఓకే?" అంది. ఐదవగానే కారు తీసి, ఇంటి వైపు కాకుండా హాన్లన్ హార్డ్‌వేర్ షాపు వైపు తిప్పింది.

హాన్లన్ తాళంచెవి కోస్తున్నాడు. మనిషి కొబ్బరి బోండాంలా ఉంటాడు, గొంతు మాత్రం మైదానం అవతలి గట్టు దాకా వినిపిస్తుంది. ఆమె చెప్పిందంతా మిషను ఆపకుండానే విన్నాడు. చెవి పూర్తయ్యాక దాని అంచు బొటనవేలితో తడిమి చూసుకుని అప్పుడు తలెత్తాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. తప్పు కార్డుతో ఆడించామని తెలిస్తే వాడు ఆడిన మ్యాచ్‌లన్నీ మనం ఓడినట్టు రాస్తారు. ఇక సెమీఫైనల్ లేదు. పద్దెనిమిది మంది పిల్లలు, విజీ. అందులో నీ కొడుకు కూడా ఉన్నాడు. ఆదివారం కానీ, సోమవారం మనమే వెళ్ళి దిద్దిద్దాం."

"శుక్రవారం వాడు ఫారం పోస్ట్ చేసేస్తాడు."

"చెయ్యనీ. బెల్‌ఫాస్ట్ టీమ్‌కి ఏం తక్కువ? వాళ్ళు ఖాయంగా తీసుకుంటామంటున్నారు. డబ్లిన్ వాళ్ళు తీసుకుంటారని నువ్వు రాసిస్తావా?"

"తీసుకుంటారో లేదో నాకు తెలీదు. వాళ్ళు తనని వద్దనుకున్నారని వాడు అనుకుంటున్నాడు. అది నిజం కాదు కదా."

హాన్లన్ నవ్వి, కొత్త చెవిని కొక్కేనికి తగిలించాడు. "అదీ ఐర్లండే, ఇదీ ఐర్లండే. అయినా నీకేంటి తేడా? నీ మంచికే చెబుతున్నాను. ఆ కార్డు మీద టైపు నీది, సంతకం నీది. రేపు అందరూ వేలెత్తి చూపించేది నిన్నే."

ఈ పెద్దమనిషి రెండేళ్ళుగా ఆమెని ఎవరికి పరిచయం చేసినా "కలకత్తా నుంచి" అంటాడు. కలకత్తా ఆమె రైల్లో కూడా దాటలేదు. మొదట్లో ఒకటి రెండుసార్లు దిద్ది, ఎందుకులే అని ఊరుకుంది. ఇప్పుడు ఆ ఊరుకున్నందుకు ఒళ్ళు మండింది. ఏదో ఒకటి అనేయాలని నోటిదాకా వచ్చింది గానీ, అవతల ఒక ముసలాయన మేకులు తూయించుకోవడానికి నిలబడి ఉన్నాడు. బయటికి వచ్చి కారు తలుపు గట్టిగా వేసింది. చీర కొంగు అందులో ఇరుక్కుంది. మళ్ళీ తెరిచి, కొంగు లాక్కుని, మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. కోపానికి ఉన్న కాస్త మర్యాదా అక్కడే పోయింది.

*

గురువారం పొద్దున దామోదర్ కాఫీ తాగుతూ తెలుగు సంఘం డైరెక్టరీ ప్రూఫు కాగితం ఆమె ముందుకి తోశాడు. న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్ళందరి పేర్లు, ఫోన్ నంబర్లు, నేటివ్ ప్లేస్‌లు ఏడాదికోసారి అచ్చువేస్తారు.

"మన పేర్లు ఓసారి చూసి పెట్టు. సోమవారం పంపాలి. స్పెల్లింగులు నీకంటే బాగా ఎవరు చూస్తారు?"

ఆమె ఆ కాగితం వైపు చూడలేదు. కార్డు సంగతంతా చెప్పుకొచ్చింది. దామోదర్ రోడ్ల డిపార్టుమెంటులో ఇంజనీరు. ఏ విషయం చెప్పినా ముందు ట్రాఫిక్ ఎక్కడ ఆగుతుందో చూస్తాడు.

"నీకెందుకే ఈ తద్దినం? కోచ్ ఆగమన్నాడు, ఆగు. రాజ్‌గాడు ఈ మ్యాచ్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు. ఎవరి పిల్లాడో డబ్లిన్ వెళ్ళాలని నీ పిల్లాణ్ణి ఏడిపిస్తావా?"

"ఎవరి పిల్లాడో ఏంటండీ, వారానికి నాలుగు రోజులు మనింట్లోనే తింటాడు."

"తింటే? పెడుతున్నాం కదా."

మేడ మెట్ల మీద రాజ్ నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. "మమ్మీ, నువ్వు ఎవరికీ చెప్పొద్దు. ప్లీజ్. ఆఫ్టర్ సండే చెప్పు," అన్నాడు. వాడి మొహం చూసేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది. వాడు తిట్టినా తట్టుకునేది. ప్లీజ్ అన్నాడు.

ఆ సాయంత్రం రెండు వీధుల అవతల డెవ్లిన్‌ల ఇంటి మెట్లు ఎక్కి గంట కొట్టింది. కోర్మాక్ తల్లి న్యూలా తలుపు తీసింది. సన్నటి మనిషి, స్కూల్ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ముందుగదిలో భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆ వేడి బట్ట వాసనకి విజయశ్రీ కాస్త కుదుటపడింది. కుర్చీ అంచు మీద కూర్చుని, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది.

న్యూలా ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ ఆపింది. అరుస్తుందేమో అనుకుంది విజయశ్రీ.

"ఆ కార్డు నేను మొదటిరోజే చూశాను," అంది న్యూలా.

"చూసి?"

"ఊరుకున్నాను. హ్యూ దాన్ని చేత్తో పట్టుకుని మూడుసార్లు చదివాడు. కొడుకు పేరు కింద డెర్రీ అని ఉంది కదా. మేం ఆ ఊరు వదిలి వచ్చింది మా ఇష్టంతో కాదు. వీధి చివర సైనికులు, రోజూ ఏదో ఒకటి. ఇక్కడికొచ్చాక ఆయన అంత సంతోషపడడం అదే చూడడం. ఇప్పుడు నేను వెళ్ళి, కాదు, వీడు మా అమ్మ ఇంట్లో పుట్టాడు, మా ఊరి పేరు రాయండి అంటానా? చిన్న కార్డేగా అనుకున్నాను."

న్యూలా చొక్కా మడత పెడుతూ నవ్వింది. "నొప్పులు మొదలయ్యే ముందురోజు బస్సులో వెళ్ళాను. బోర్డర్ దగ్గర కస్టమ్స్ వాడు ఏమైనా తీసుకెళ్తున్నావా అని అడిగాడు. నా పొట్ట చూపించాను. బస్సంతా నవ్వారు. మీరు రాజ్ పుట్టినప్పుడు మీ అమ్మగారి దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళలేకపోయాను. ఇక్కడే, నెవార్క్ హాస్పిటల్లో. బయట మోకాలి లోతు మంచు. మా అమ్మ అక్కడ సున్నిపిండి, కాటుక, అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది."

"మీ అమ్మగారిది ఏ ఊరు?"

"అవనిగ..." అని ఆగిపోయింది విజయశ్రీ. అవనిగడ్డ దామోదర్ ఊరు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అన్నీ కలిపి మూడు నెలలు ఉండి ఉంటుంది అక్కడ. ఎవరడిగినా, ఏ ఫారంలోనైనా, ఆ పేరే నోటికి వస్తుంది, ఆ పేరే రాస్తుంది. "నూజివీడు," అంది. ఆ మాట తన గొంతులో తనకే కొత్తగా వినిపించింది. "మాది నూజివీడు. మామిడి తోటల ఊరు."

న్యూలా ఆ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, రెండోసారి చాలావరకు సాధించింది.

లేచి వస్తుంటే విజయశ్రీ గుమ్మం దగ్గర అడిగింది. "రేపు మీ అబ్బాయికి చెప్పేస్తాను. వద్దంటారా?"

"హ్యూకి నేను చెబుతాను. వాడికి మీరు చెప్పండి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు రెండేళ్ళుగా లేదు," అంది న్యూలా.

*

శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టింది. తొమ్మిది కొట్టగానే స్టేట్ లీగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, కార్డు నంబరు చెప్పి, తప్పు తనదేనని చెప్పింది. అవతలి గొంతు "లిఖితపూర్వకంగా పంపండి" అంది. అప్పటికే టైపు చేసి ఉంచిన ఉత్తరం కవరులో పెట్టింది. హాన్లన్‌కి ఫోన్ చేసి అదే మాట చెప్పింది. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా పెట్టేశాడు. అంత గొంతున్న మనిషి మాట్లాడకపోతే ఎంత భయంగా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకునే వీలు లేకుండా చేసుకున్నాకే కోర్మాక్ కోసం బడికి వెళ్ళింది. న్యూలా ముందే చీటీ రాసి పంపింది.

పోస్టాఫీసు ఎదురుగా కారు ఆపింది. వాడి ఒళ్ళో బెల్‌ఫాస్ట్ కవరు ఉంది.

"నీతో ఒకటి చెప్పాలి. కోపం వస్తే తిట్టు," అని మొదలుపెట్టి చెప్పింది. నేటివ్ ప్లేస్ అని తను అడగడం, వాళ్ళ నాన్న డెర్రీ అనడం, కార్డు, లిస్టు, డబ్లిన్ మనిషి. చెబుతున్నంతసేపూ స్టీరింగ్ మీద గోటితో గీరుతూనే ఉంది.

అంతా విని కోర్మాక్ ఒక్క ముక్కే పట్టుకున్నాడు.

"అంటే ఆయన నన్ను వద్దనలేదా?"

"నాకు తెలీదు నాన్నా. అందుకే అడుగుదాం పద."

నాన్నా అన్నది తెలుగులోనే వచ్చింది. వాడికి అర్థం అడగాలనిపించలేదు.

డబ్లిన్ మనిషి విజిటింగ్ కార్డు ఆమె ఫైల్లో, జూన్ నాటి లిస్టు నకలుకి పిన్ను చేసి ఉంది. ఇక్కడ పన్నెండుంబావు అంటే అక్కడ సాయంత్రం ఐదుంబావు. వంటింటి గోడ ఫోన్ నుంచి నంబరు తిప్పుతుంటే రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి ఆయనే ఎత్తాడు, కోటు తొడుక్కుంటూ ఎత్తినట్టున్నాడు. ఆమె తనెవరో, ఏ తప్పు చేసిందో గబగబా చెప్పింది. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"ఎనిమిదో నంబరు. ఎడమకాలు," అన్నాడు ఆయన. "గుర్తుంది. ఆ రోజు మైదానం మీద అందరికంటే మంచి ఆటగాడు. లిస్టులో నార్త్ అని చూసి, వాళ్ళ కుర్రాడిని మనం కదపడం ఎందుకని వదిలేశాను. వాణ్ణి ఫిబ్రవరిలో ట్రయల్స్‌కి రమ్మనండి. తీసుకుంటానని ఇప్పుడు మాట ఇవ్వలేను. చూడాలి."

ఆమె రిసీవరు కోర్మాక్ చెవికి పెట్టింది. "ఇంకోసారి చెప్పండి సార్, వీడే ఇక్కడ ఉన్నాడు."

ఆయన ఇంకోసారి చెప్పాడు. కోర్మాక్ "యెస్ సర్" అన్నాడు, "థాంక్యూ సర్" అన్నాడు. రిసీవరు తగిలించాక గోడకి తిరిగి నిలబడ్డాడు. వాడి వీపు ఊగుతుంటే విజయశ్రీ అటు చూడకుండా పొయ్యి మీద ఏమీ లేని గిన్నె దించింది.

తిరిగి పోస్టాఫీసు ముందు దింపింది. ఒక వైపు ఖాయమైన జట్టు, ఒక వైపు ట్రయల్. సాయంత్రంలోగా తేల్చుకోవాలి.

"మీరైతే ఏం చేస్తారు ఆంటీ?"

"నన్నడక్కు. నీ తరఫున నేను ఒకసారి రాసింది చాలు," అంది.

వాడు లోపలికి వెళ్ళాడు. అద్దంలోంచి కౌంటర్ దగ్గర నిలబడడం కనిపించింది. ఎంతసేపటికీ కదలడు. వెనక వాళ్ళకి దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. గొలుసుతో కట్టిన కలం తీసుకుని ఏదో రాశాడు. ఇంతలో ఒక ట్రక్కు అడ్డం వచ్చి ఆగింది. అది కదిలేసరికి వాడు బయట ఉన్నాడు. "నడిచి వెళ్తాను," అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. కవరు చేతిలో ఉందో లేదో ఆమెకి కనిపించలేదు.

*

ఆదివారం సెమీఫైనల్ లేదు. అయినా పిల్లలందరూ మైదానానికి వచ్చారు, ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు. సగం మంది ఒక వైపు, సగం మంది ఒక వైపు చేరి వాళ్ళలో వాళ్ళే ఆడుకోవడం మొదలుపెట్టారు. రాజ్ రెండు రోజులుగా తల్లితో మాట్లాడలేదు. కంచంలో పెట్టింది తింటున్నాడు, కంచం కడిగి పెడుతున్నాడు, అంతే. ఇప్పుడు గోల్ ముందు నిలబడి తల్లి ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు.

విజయశ్రీ కార్డుల పెట్టె పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్ళింది. హాన్లన్ చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చేసింది.

"రెండేళ్ళలో ఒక్క తప్పు చేశావు విజీ. ఆ ఒక్కటీ ఇలాంటిదా?"

"రెండు," అంది ఆమె. "బుధవారం మీరు దాయమంటే విని ఇంటికెళ్ళాను. అది రెండోది. ఇంకోటండీ. నాది కలకత్తా కాదు. నూజివీడు."

ఆయన బిత్తరపోయి చూస్తుండగా వచ్చేసింది.

హ్యూ డెవ్లిన్ కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. ఓడరేవులో పనిచేసే మనిషి, అరచేతులు పలకల్లా ఉంటాయి. ఆమెని చూసి టోపీ తీశాడు. "మీరు నన్ను అడిగారు. నేను నా ఊరు చెప్పాను. వాడు ఎక్కడ పుట్టాడో ఒక్క క్షణం గుర్తు రాలేదు నాకు. న్యూలా నిన్న చెప్పేదాకా గుర్తు రాలేదు," అన్నాడు. ఇంకా ఏదో అనబోయి టోపీ పెట్టేసుకున్నాడు.

ఆట సగంలో ఆపి పిల్లలు నీళ్ళకి వచ్చారు. కోర్మాక్ వాళ్ళ దగ్గరికి నడిచి వచ్చాడు. "పోస్ట్ చేశాను ఆంటీ," అన్నాడు. "బెల్‌ఫాస్ట్‌కి. వస్తానని."

విజయశ్రీ కంటే ముందు రాజ్ అందుకున్నాడు. రెండు రోజుల కోపం ఒక్కసారి కట్టలు తెంచుకుంది. "వాట్? సెమీఫైనల్ పోయింది! మమ్మీ రిజిస్ట్రార్ పని పోయింది! నువ్వు మళ్ళీ అక్కడికే వెళ్తున్నావ్? మరి ఎందుకు ఇదంతా?" సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో అరిచాడు. కోర్మాక్‌కి తెలుగు సగం కూడా అర్థమైనట్టే ఉంది.

"మా వీధి చివర ఒక గోడ ఉండేది," అన్నాడు వాడు మెల్లగా. "డెర్రీలో. నాన్న నా కుడికాలి బూటు విప్పించి చెప్పు తొడిగించేవాడు. ఇక ఎడమకాలితో తన్నక చస్తానా? రోజూ ఆ గోడకేసి తన్నేవాణ్ణి. కౌంటర్ దగ్గర నిలబడితే అదే గుర్తొచ్చింది. నేను ఆట నేర్చుకున్నది అక్కడ." తండ్రి వైపు చూడలేదు. హ్యూ కంచె తీగ పట్టుకుని దూరంగా ఎక్కడో చూస్తున్నాడు. "మంగళవారం నేను అక్కడికి వెళ్దామనుకున్నది, ఇంకెవరికీ అక్కర్లేకుండా పోయానని. ఇప్పుడలా కాదు. డబ్లిన్ ఆయనకి కూడా ఉత్తరం రాశాను, పిలిచినందుకు థాంక్స్ అని."

తరవాత విజయశ్రీ వైపు తిరిగాడు. "ఆ ఖాళీ గడి నేనే నింపాను. బంక్రానా. పోస్ట్ చేసే ముందు ఇంటికెళ్ళి అమ్మకి చూపించాను. నా రైటింగ్ వాళ్ళు చదవగలరో లేదో మరి."

రాజ్ గ్లవ్స్ తొడుక్కుని గోల్ వైపు వెళ్ళిపోయాడు. కానీ ఆట మొదలయ్యాక కోర్మాక్ కొట్టిన మొదటి బంతిని పక్కకి దూకి ఆపాడు, ఆపి, వాడికే విసిరాడు.

ఇంటికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద డైరెక్టరీ ప్రూఫు కాగితం గురువారం పెట్టినచోటే ఉంది. విజయశ్రీ చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. దామోదర్, అవనిగడ్డ. విజయశ్రీ, అవనిగడ్డ. రాజ్, అవనిగడ్డ. పేర్లలో తప్పులేమీ లేవు. కలం తీసి రెండో అవనిగడ్డ మీద అడ్డంగా, స్కేలు పెట్టి గీత గీసింది. పైన నూజివీడు అని రాసింది. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి.

దామోదర్ భుజం మీదుగా తొంగిచూశాడు. "మా ఊరికేం తక్కువైందోయ్?"

"ఏం తక్కువ కాలేదు. మీ పేరు పక్కన చక్కగా ఉంది చూడండి."

ఆయన చూశాడు. కాసేపాగి, "మీ ఊరి రసాలు తిని ఎన్నేళ్ళయిందో," అంటూ పేపరు తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడో పేరు దగ్గర ఆమె కలం ఆగింది. నెవార్క్ అని రాయాలా, కేర్నీ అని రాయాలా, ఉన్నది ఉంచేయాలా అని ఆలోచించబోయి, ఆలోచన మధ్యలోనే మానేసి వెనక తలుపు వైపు చూసింది. రాజ్ న్యూస్‌పేపర్ మీద బూట్లు విడుస్తున్నాడు.

"ఇలా రా. ఇది నువ్వు రాయి," అంది.

వాడు వచ్చి కాగితం చదివాడు. తల్లి పేరు పక్కన గీత చూశాడు, కొత్త పేరు చూశాడు. "నేను ఏం రాయాలి?" అన్నాడు. రెండు రోజుల తరవాత తల్లితో మాట్లాడిన మొదటి మాట.

"నీ ఇష్టం."

"రాంగ్ రాస్తే?"

"నీ పేరు పక్కన కదా. నాకు చూపించక్కర్లేదు."

విజయశ్రీ లేచి పెరుగు గిన్నె తీయడానికి ఫ్రిజ్ వైపు వెళ్ళింది. వెనకాల కలం కదులుతున్న చప్పుడు, ఆగడం, మళ్ళీ కదలడం వినిపించాయి. వాడు కాగితం మూడు మడతలు పెట్టి, కవరులో దూర్చి, నాలికతో తడిచేసి అంటించి బల్ల మీద పెట్టాడు. ఆ తరవాత కంచం తెచ్చుకుని కూర్చున్నాడు. "మాగాయ ఎక్కువ వెయ్," అన్నాడు.

సోమవారం ఫ్యాక్టరీకి వెళుతూ ఆమె వీధి మలుపులో పోస్టు డబ్బా దగ్గర కారు ఆపింది. కవరు వెలుతురుకి ఎదురుగా ఎత్తితే లోపలి రాత లీలగా కనిపించే రకం. ఆమె దాన్ని కింది వైపుకే పట్టుకుని, డబ్బా మూత తెరిచి, లోపలికి జారవిడిచింది.